ఎవరూ గుర్తించని ముద్ర

ఖుర్సీపార్, భిలాయి
14 జూలై 2025

అమ్మా రాజశ్రీ,

నీ ఉత్తరం అందింది. తప్పులు పదకొండు. ఎర్ర సిరాతో దిద్ది ఇందులోనే పెట్టాను, తీరిగ్గా చూసుకో. విశాఖపట్నంలో రెండేళ్ళుగా ఉంటున్నా నీ తెలుగు ఇంకా ఖుర్సీపార్ బజారులోనే తిరుగుతోంది. మీ నాన్న బతికుంటే, తమ్ముడై ఉండి కూడా నన్నే తిట్టేవాడు, పిల్లకి సరిగ్గా నేర్పలేదని.

ఫోన్లో మాట్లాడుకుందామని మళ్ళీ రాశావు. నా చెవులు నాకంటే ముందే రిటైరయ్యాయమ్మా. నువ్వు పెట్టే కేకలు వీధి వీధంతా వింటుంది, నేను తప్ప. మెసేజీలంటావా, హిందీని ఇంగ్లీషు అక్షరాల్లో పంపుతావు. అది చదవడానికి దుబాసీ కావాలి. మనకి ఉత్తరమే మేలు.

ఒక సంగతి అడగాలని రాస్తున్నాను. పెద్ద దేశం నుంచి విడిపోయి, మేం వేరే దేశమని తమంతట తామే ప్రకటించుకున్న ప్రాంతాల మీద పరిశోధన చేస్తున్నానన్నావు కదా. నిన్న పార్కు బెంచీ మీద దుర్గారావు వాదించాడు, జెండా ఎగరేసి పోలీసుల్ని పెట్టుకుంటే దేశమైపోతుందని. ఇల్లలకగానే పండగ అవుతుందా అన్నాను నేను. ఎవరిది రైటు? అలాంటి చోట సర్కారు వేసిన ముద్రకి మన దగ్గర విలువ ఉంటుందా? ఊరికే అడుగుతున్నాను. రిటైరైన టైమ్ కీపరుకి కాలక్షేపం కావాలి కదా.

ఇంటి సంగతులు మామూలే. మీ వదిన అరుణకుమారి సెక్టర్ 4 స్కూల్లో మూడో తరగతికి చెబుతోంది. ఉన్నది మామా కోడళ్ళం ఇద్దరమే కాబట్టి వంటలో నేనూ ఓ చెయ్యి వేస్తున్నాను. విక్రమ్ విషయంలో కొత్తేమీ లేదు. కాగితం రాలేదు.

వాడు పనికెళ్ళిన బెర్బెరా నుంచి తోటి ఫిట్టరు ఫోన్ చేసి పదహారు నెలలైంది. ఆ ఫోను అరుణ ఎత్తింది. జ్వరమన్నాడట, మూడు రోజులన్నాడట, అక్కడి పద్ధతి ప్రకారం ఆ సాయంత్రమే మట్టి చేశామన్నాడట. నా కొడుకు పోయాడన్న మాట నా చెవులతో నేను వినలేదు. ముప్పై మూడేళ్ళు స్టీలు మిల్లు మస్టర్లో మనుషుల హాజరు వేసినవాణ్ణి. మాకు నేర్పిన రూలు ఒకటే. కాగితం చేతికొచ్చేదాకా మస్టర్లో పేరు కొట్టెయ్యకూడదు. అందుకే అరుణని బొట్టూ గాజులూ తియ్యొద్దన్నాను. కర్మ కూడా చెయ్యలేదు.

జవాబు వివరంగా రాయి.

పెదనాన్న
నరసింగరావు


విశాఖపట్నం
2 ఆగస్టు 2025

పెదనాన్నా,

పదకొండు తప్పులూ మూడేసి సార్లు రాసుకున్నాను, చిన్నప్పుడు రాయించినట్టే. ఇందులో ఎనిమిది దాటవని పందెం.

మీకూ దుర్గారావు మామకీ వచ్చిన తగువు మా పుస్తకాల్లో ఎన్నాళ్ళుగానో నడుస్తోంది. మన వీధి భాషలో చెబుతాను. వెనకింటి కనకలత పిన్ని చిన్నకొడుకు ఇంటి మధ్యలో గోడ కట్టి వేరు పొయ్యి పెట్టుకున్నాడు, గుర్తుందా? పొయ్యి వేరైంది కానీ రేషను కార్డు ఉమ్మడిగానే ఉండిపోయింది. పిన్ని ఇప్పటికీ మేమంతా ఒకటేనంటుంది. దేశాల మాటా ఇంతే. పొయ్యి వెలిగితే కాపురం వేరైనట్టేనని ఒక పార్టీ అంటుంది. నేల, జనం, ప్రభుత్వం, ఇతరులతో వ్యవహరించే శక్తి ఉంటే అది దేశమే, ఇరుగుపొరుగు ఒప్పుకోకపోయినా సరే. కార్డు చేతికొస్తేనే వేరు కాపురం అనేది రెండో పార్టీ. మిగతా దేశాలు గుర్తిస్తేనే దేశం. దుర్గారావు మామది పొయ్యి పార్టీ, మీది కార్డు పార్టీ.

ఎక్కువసార్లు తగువు తేలేది తల్లి దేశం దగ్గర. ఎరిత్రియా విడిపోతానంటే ఇథియోపియా ఒప్పుకుంది, దక్షిణ సూడాన్‌కి సూడాన్ ఒప్పుకుంది. ఆ రెండూ ఇవాళ ఐక్యరాజ్యసమితిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాయి. తల్లి ఒప్పుకోకపోతేనే ఏళ్ళ తరబడి నలుగుడు. మొల్డోవా నుంచి విడిపోయిన ట్రాన్స్‌నిస్ట్రియా ముప్పై ఏళ్ళ పైనుంచి సొంత డబ్బు అచ్చేసుకుంటోంది. సమితిలో ఉన్న దేశం ఒక్కటి కూడా దాన్ని గుర్తించలేదు.

అన్నయ్య వెళ్ళిన బెర్బెరా సోమాలీలాండ్‌లోది. మీకు తెలిసే ఉంటుంది. 1960లో బ్రిటిషువాళ్ళు వెళ్ళిపోయాక అది ఐదు రోజులు స్వతంత్ర దేశంగా ఉంది. ఆరో రోజు పక్కనున్న ఇటలీ వాళ్ళ సోమాలియాతో ఇష్టపడే కలిసిపోయింది. యుద్ధాలయ్యాక 1991లో మళ్ళీ విడిపోతున్నానంది. ఎన్నికలు పెట్టుకుంటుంది, పాస్‌పోర్టులు ఇస్తుంది. సోమాలియా ఒప్పుకోదు. అక్కడి పాలన తన చేతిలో లేదు, వదిలిపెట్టదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

మీకు చెప్పని మాట ఒకటుంది. నా పరిశోధనలో మొదట సోమాలీలాండ్ లేదు. ఆ ఫోన్ వచ్చాకే చేర్చాను. కారణం మా గైడ్ కుముదిని గారికి చెప్పలేదు. రోజూ ఆ దేశం పేరు టైపు చేస్తాను, ఏమీ అనిపించదు. అన్నయ్య కోసం నేనింకా ఏడవలేదు. ఏడిస్తే మీ రూలు తప్పినట్టవుతుందేమోనని భయం.

మీ
రాజీ


ఖుర్సీపార్, భిలాయి
7 సెప్టెంబరు 2025

అమ్మా రాజశ్రీ,

తప్పులు తొమ్మిది. పందెం ఓడిపోయావు.

నీ పొయ్యి, కార్డు పాఠం దుర్గారావుకి చదివి వినిపించాను. వాడికి కోపమొచ్చి రెండు రోజులు పార్కుకి రాలేదు. నేను కార్డు పార్టీవాణ్ణేనని ఒప్పుకుంటున్నాను. నన్నే చూడు. మధ్యప్రదేశ్‌లో ఉద్యోగంలో చేరి ఛత్తీస్‌గఢ్‌లో రిటైరయ్యాను. ఇల్లు కదల్లేదు, గుమ్మం కదల్లేదు, వీధి కుళాయి కూడా అక్కడే ఉంది. 2000 నవంబరులో కాగితం మారింది, అంతే. పైనున్నవాళ్ళు ఒప్పుకుని రాసిచ్చారు కాబట్టి గొడవ లేకుండా అయింది. కాగితం లేకుండా మనమే బోర్డు మార్చేసుకుంటే ఎవరు ఊరుకుంటారు?

కాబట్టి నా ప్రశ్న మళ్ళీ అడుగుతున్నాను, నువ్వు దాటేశావు. గుర్తింపు లేని సర్కారు ఇచ్చిన సర్టిఫికెట్టు ఉత్త కాగితమేనా? ఉదాహరణకి ఏదో పెళ్ళి సర్టిఫికెట్టు అనుకో. పుట్టినరోజుది అనుకో. ఇలాంటి వాటి మీద పెద్ద కోర్టులు ఏమన్నాయో రాయి. నమ్మకంగా రాయి, నీకు తోచింది కాదు.

నిన్న నేనిది రాస్తుంటే అరుణ కుడిచెవి దగ్గరికొచ్చి, "ఏటి మావయ్యా, అంతంత పెద్ద ఉత్తరాలు రాత్తన్నారు?" అని అడిగింది. రాజీకి పాఠం చెబుతున్నానన్నాను. నవ్వింది. ఆ నవ్వు మీ పెద్దమ్మ పోయిన ఏడు ఇంట్లో ఉన్న నవ్వులాంటిది, పెదాలతో మొదలై అక్కడే ఆగిపోతుంది. నాదీ అంతేనేమో. అద్దంలో చూసుకుని చాలా రోజులైంది.

క్యాంప్ 2 పంతులు గారు దారిలో కనబడి మళ్ళీ అదే మాట. శవం లేకపోతేనేం, దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తే శాస్త్రం ఒప్పుకుంటుంది, పిల్లని అటూ ఇటూ కాకుండా ఎన్నాళ్ళు ఉంచుతారని. తేదీ ఏమని చెప్పను పంతులు గారూ అన్నాను. తేదీ తెలిశాక కబురు చెయ్యండని వెళ్ళిపోయారు.

సెక్టర్ 4 స్కూల్లో లెక్కల మాస్టారు రాజగోపాల్ అని ఉన్నాడు. వాళ్ళ అమ్మ మొన్న ఆదివారం మనింటికొచ్చి గంటసేపు కూర్చుంది. ఏదో మాట్లాడింది. నాకు వినబడలేదు. టీ ఇచ్చి పంపించాం.

పెదనాన్న


విశాఖపట్నం
5 అక్టోబరు 2025

పెదనాన్నా,

దాటెయ్యలేదు. జవాబు సరిగ్గా చెప్పాలంటే మూడు చోట్లు తిప్పాలి, ఓపిక పట్టండి.

కొసోవో 2008లో సెర్బియా నుంచి విడిపోతున్నానని ప్రకటించింది. అంతర్జాతీయ న్యాయస్థానాన్ని అడిగితే, ఆ ప్రకటన చెయ్యడం అంతర్జాతీయ న్యాయానికి విరుద్ధం కాదంది. కొసోవో దేశమా కాదా అన్న ప్రశ్న జోలికి మాత్రం పోలేదు. మీరన్న ఇల్లలకడం సంగతే ఇది. అలకడం తప్పు కాదన్నారు, పండగని అనలేదు. ఇప్పుడు వంద దాకా దేశాలు దాన్ని గుర్తించాయి. మన దేశం గుర్తించలేదు.

ఉత్తర సైప్రస్ 1983లో ప్రకటించుకుంటే భద్రతా మండలి అది చెల్లదని తేల్చేసింది. టర్కీ ఒక్కటే గుర్తించింది, ఎందుకంటే అక్కడున్న సైన్యం టర్కీదే. ఒకే మాట చెప్పుకున్న రెండు చోట్లకి రెండు గతులు. న్యాయం అందరికీ ఒకటే అని మాకు మొదటి ఏడాది చెబుతారు, రెండో ఏడాది నుంచి ఇవి చదివిస్తారు.

ఇప్పుడు మీ ప్రశ్న. నమీబియాని దక్షిణాఫ్రికా అన్యాయంగా పట్టుకుని కూర్చుంది. 1971లో ఇదే న్యాయస్థానం, అక్కడ దక్షిణాఫ్రికా పాలనని ఎవరూ గుర్తించకూడదంది. వెంటనే ఇంకో మాట చేర్చింది. పుట్టుకలు, చావులు, పెళ్ళిళ్ళు నమోదు చెయ్యడం లాంటి వాటిని మాత్రం చెల్లవని తోసెయ్యకూడదు, తోసేస్తే నష్టపోయేది అక్కడి మనుషులే అని. సర్కారు చెల్లకపోవచ్చు, బిడ్డ పుట్టాడు కదా. సైప్రస్ కేసుల్లో యూరపు కోర్టు కూడా ఈ మాటే పట్టుకుంది. మీరు పెళ్ళి అన్నారు, పుట్టినరోజు అన్నారు. మూడోది మీరు అనలేదు.

పెదనాన్నా, మీరు ఊరికే అడగడం లేదు. నన్ను పెంచింది మీరు, ఆమాత్రం తెలియదా? బెర్బెరా నుంచి కాగితమేమైనా వచ్చిందా? వస్తే నాకు చెప్పండి. మన కార్యాలయాల్లో ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను, కానీ అడిగే దారులున్నాయి.

రాజగోపాల్ గారి అమ్మగారు ఏం మాట్లాడారో వదిన ఫోన్లో చెప్పింది. కొడుకు భార్య పోయి నాలుగేళ్ళయిందట, అరుణ ఒప్పుకుంటే ఈ ఇంటి పెద్దగా మీ మాట కావాలని అడిగారట. వదినకి ఇరవై తొమ్మిదేళ్ళు. ఆయన మంచివాడని చెబుతూ ఆమె గొంతు తగ్గించింది, మీకెలాగూ వినబడదని తెలిసి కూడా. కాగితం లేకపోతే ఆమె ఎవరి భార్య? కాగితం లేకపోతే ఆమె ఏ పని మొదలుపెట్టగలదు?

రాజీ


ఖుర్సీపార్, భిలాయి
9 నవంబరు 2025

రాజశ్రీ,

తప్పులు లెక్కపెట్టలేదు.

మీరిద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటున్నారన్నమాట. మంచిదే. చెవిటివాడి ఇంట్లో రహస్యాలకి కొదవేముంది.

కాగితం వచ్చింది. 2024 జూలై తొమ్మిదో తేదీ, కొరియర్‌లో. అరుణ స్కూల్లో ఉంది. నేనే సంతకం పెట్టి తీసుకున్నాను. పైన ఒక జెండా, కింద గుండ్రటి ముద్ర, అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ సోమాలీలాండ్ అని. విక్రమ్ పేరు సరిగ్గానే ఉంది. నా పేరు కూడా ఉంది, తండ్రి అన్నచోట. తేదీ 2 మార్చి 2024. ఒక ఫోటో కూడా పంపారు, అందులో మట్టి దిబ్బ ఉందని అంచు చూసి తెలిసింది. మిగతాది చూడకుండా బోర్లించేశాను.

మర్నాడు ఒక ఆఫీసుకి తీసుకెళ్ళాను. ఏ ఆఫీసో నీకు అనవసరం. కౌంటరులో కుర్రాడు కంప్యూటర్లో వెతికాడు. "దాదా, యే కౌన్‌సా దేశ్ హై? లిస్ట్ మే తో నహీ హై" అన్నాడు. లిస్టులో లేని దేశం. వాడికి కనబడలేదు కాబట్టి పెద్దవాళ్ళని అడిగొస్తాను కూర్చోండి అన్నాడు. నేను కూర్చోలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చేశాను. నీతో నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు ఎంత హాయిగా అనిపించిందో. లేని దేశంలో నా కొడుకు ఎలా పోతాడు? రిక్షా కూడా ఎక్కకుండా ఇంటిదాకా నడిచాను. దారిలో జిలేబీ కొన్నాను. ఆ సాయంత్రం అరుణ, ఏటి మావయ్యా విశేషం అని అడిగింది. ఏమీ లేదన్నాను.

అప్పటినుంచి అది ట్రంకు పెట్టెలో ఉంది. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాదు. తింటున్నాను, పడుకుంటున్నాను. మిల్లు ఆగిన రోజున లోపల నిలబడితే ఎలా ఉంటుందో, లోపల అలా ఉంది.

నీ నమీబియా తీర్పు రెండుసార్లు చదివాను. అందులో మాట ఏమిటి? అక్కడి మనుషులు నష్టపోకూడదని. నా కొడుకు అక్కడి మనిషి కాదు. ఒక్క ఏడాది పని మీద వెళ్ళినవాడు. వాడు ఖుర్సీపార్ మనిషి. ఆ తీర్పు వాడికి వర్తించదు. కావాలంటే మీ కుముదిని గారిని అడుగు.

ఇది అరుణకి చెప్పొద్దు. చెబితే మళ్ళీ నాకు ఉత్తరం రాయకు.

నరసింగరావు


విశాఖపట్నం
1 డిసెంబరు 2025

పెదనాన్నా,

ఈ ఉత్తరం పంపాలా వద్దా అని పది రోజులు దాచుకున్నాను. మీ మనసు కష్టపడుతుంది. అయినా పంపుతున్నాను.

వదినకి నేను చెప్పలేదు. చెప్పే పని లేకపోయింది. ఆమెకి పోయినేడాది దసరా ముందే తెలుసు. ఇల్లు దులుపుతూ ట్రంకు పెట్టె తీసింది. కాగితం చూసింది, ఫోటో కూడా చూసింది. కాగితం కింద మీ పాత మస్టరు పుస్తకం ఉంది కదా, మిగిలిపోయిన ఖాళీ పేజీల్లో మీరు ఒకటే పేరు రాసుకుంటూ వచ్చారు కదా. విక్రమ్ అని రాసి, రోజుకో గడి గీసి, ప్రతి గడిలో సెలవు అని. మార్చి మూడో తేదీ నుంచి ఒక్క రోజు కూడా ఖాళీ లేదట. అది చూశాక కాగితం ఎక్కడిదక్కడ పెట్టి మూసేసింది.

ఇన్నాళ్ళూ నాకూ చెప్పలేదు. మీ ఉత్తరం వచ్చాక, ట్రంకు పెట్టె ఎప్పుడైనా సర్దావా వదినా అని మాత్రమే అడిగాను. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను, దిద్దకండి. "దీదీ, అది మావయ్య సేత్తో నాకివ్వాల. నానే తీసీసుకుంటే ఆయన కాడ ఇంకేటి మిగుల్తాది? ఇన్నాళ్ళు ఆగినాను, ఇంకొన్నాళ్ళు ఆగుతాను. రాజగోపాల్ గారికీ అదే సెప్పినాను." చిన్నదాన్నే అయినా నన్ను దీదీ అనే పిలుస్తుంది, మీకు తెలుసు కదా.

మీ వాదన కుముదిని గారిని అడిగాను, పేర్లు చెప్పకుండా. మీరు పట్టుకున్నది బలమైన పాయింటే అన్నారు. ఎవరీ లాయరు అని కూడా అడిగారు. టైమ్ కీపరన్నాను. తరవాత ఆవిడే, ఆ తీర్పు అక్షరాల్లో అక్కడి మనుషులని ఉన్నా, అది కాపాడాలనుకున్నది కాగితం లేక నలిగిపోయేవాళ్ళనే, వాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నారని కాదు అన్నారు. మీ కేసులో నలిగిపోతున్నది ఎవరు పెదనాన్నా?

సోమాలియా గురించి ఆగస్టులో ఒక సామెత రాశాను, తల్లి పెట్టదు, అడుక్కు తిననివ్వదని. ఇప్పుడు ఆ సామెత మనింట్లో తిరుగుతోంది. మీరంటే నాకు కోపం వస్తోంది. ఆ గడులన్నీ తలుచుకుంటే కోపం నిలవడం లేదు.

రాజీ


ఖుర్సీపార్, భిలాయి
29 డిసెంబరు 2025

రాజశ్రీ,

నీ ఉత్తరానికి జవాబు రాయకూడదనుకున్నాను. మొన్న శుక్రవారం వార్త చూశావు కదా. సోమాలీలాండ్‌ని ఇజ్రాయెల్ గుర్తించిందట. దుర్గారావు హిందీ పేపరు పట్టుకుని వచ్చాడు, తన పార్టీ గెలిచిందని చెప్పడానికి. వాడికి విక్రమ్ ఎక్కడ పనిచేశాడో గుర్తు లేదు. బెర్బెరా అన్న పేరు చదివి వినిపించాడు, రేవు పట్టణమట అన్నాడు.

సోమాలియా మండిపడింది, ఇంకా చాలా దేశాలు ఒప్పుకోమన్నాయి. నా పార్టీ పూర్తిగా ఓడిపోలేదు. కానీ నిన్నటిదాకా లిస్టులో లేని దేశం, ఒకరి లిస్టులోనైనా చేరింది. అంటే ఆ ఒక్క దేశం లెక్కలో నా కొడుకు పోయినట్టా? మిగతావాళ్ళ లెక్కలో ఉన్నట్టా? రేపు ఇంకో దేశం గుర్తిస్తే ఇంకొంచెం పోతాడా?

నాకు కోపమొచ్చింది రాజీ. ఎవరి మీదో తెలియదు. ఇరవై రెండు నెలల్లో లోపల ఏదో కదలడం ఇదే మొదలు. పేపరు చింపేశాను. దుర్గారావు బిత్తరపోయి చూశాడు.

ఈ రోజు గడిలో ఇంకా ఏమీ రాయలేదు.

పెదనాన్న


విశాఖపట్నం
11 జనవరి 2026

పెదనాన్నా,

మీ ప్రశ్న మా సెమినార్లో అడిగితే ఒక్కరూ జవాబు చెప్పలేరు. నేనూ చెప్పలేను. రెండున్నరేళ్ళుగా ఇవే చదువుతున్నాను. ఏ దేశం ఎందుకు గుర్తిస్తుందో, ఎందుకు గుర్తించదో చెప్పగలను. రేవులు, సైన్యాలు, పాత పగలు, కొత్త స్నేహాలు. ఇజ్రాయెల్ గుర్తించినా, రేపు మనమే గుర్తించినా, అందులో అన్నయ్య మాట ఉండదు. ఆ జ్వరం ఎవరినీ అడిగి రాలేదు.

చెయ్యాల్సినవి రాస్తాను. ఆ ప్రాంతం వ్యవహారాలు చూసే మన దౌత్య కార్యాలయానికి కాగితం నకలు, ఆ ఫిట్టరు చేత రాయించిన వాంగ్మూలం పంపాలి. వాళ్ళు కాదంటే ఇక్కడ కోర్టులో అడగాలి. అప్పుడు ఆ ముద్ర ఒక దేశం మాటగా కాకపోయినా సాక్ష్యంగా పనికొస్తుంది. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను. అర్జీలన్నీ నేను రాస్తాను. అర్జీ మీద సంతకం భార్యది కావాలి, కాగితం ఆమె చేతిలో ఉండాలి.

నిన్న అన్నయ్య కోసం ఏడ్చాను. మీకు చెప్పకుండా దాచడం ఇష్టం లేక రాస్తున్నాను.

రాజీ


ఖుర్సీపార్, భిలాయి
10 ఫిబ్రవరి 2026

అమ్మా రాజీ,

ఒకటో తేదీ ఆదివారం పొద్దున్న అరుణ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. ట్రంకు పెట్టె తీసి కాగితం, ఫోటో తెచ్చి దాని పక్కన పెట్టాను. చేతులు తుడుచుకుంది కానీ ముట్టుకోలేదు.

"ఇది వచ్చి ఏడాదిన్నర దాటిందమ్మా" అన్నాను.

"తెలుసు మావయ్యా."

"తెలిసీ అడగలేదేం?"

కుడిచెవి దగ్గరికి జరిగింది. "మీరిత్తారని సూసినాను. మరొకటి కూడా ఉంది. కాగజ్ నా సేతికొత్తే ఆయన పక్కా పోయినట్టే గదా. మీరు దాసినంతకాలం నాకూ బాగానే ఉండీది."

ఆ మాట నేను ఊహించలేదు. ఇన్నాళ్ళూ దాన్ని నేను కట్టిపడేశాననుకున్నాను. కట్టిపడేసిన మాట నిజమే. అదే పెట్టెలో అది కూడా తలదాచుకుందని నాకు తెలియలేదు. "తీసుకో" అన్నాను. రెండు చేతులూ పట్టింది. కాగితం ఆ చేతుల్లో పెట్టాను. అది ఏడ్చింది, చాలాసేపు ఏడ్చింది. నేను మిగిలిన చిక్కుడుకాయలు వలిచాను. ఫోటో ఇద్దరం చూశాం. మట్టి దిబ్బ చుట్టూ తెల్లటి రాళ్ళు పేర్చారు. ఎవరో కష్టపడి ఒకే సైజువి ఏరి పెట్టారు.

క్యాంప్ 2 పంతులు గారు ఈసారీ తేదీ అడిగారు. కాగితంలో ఉన్నది చదివాను. ఆయన ముద్ర ఎవరిదని అడగలేదు. పంచాంగం తిప్పి మాఘ బహుళ షష్ఠి అన్నారు, ఈ ఏడు ఏడో తేదీన వచ్చిందన్నారు. శివనాథ్ నది ఒడ్డున దర్భలతో బొమ్మ చేసి, దానికి మన విక్రమ్ పేరు పెట్టి దహనం చేశాను. దుర్గారావు వచ్చాడు. పార్టీల ఊసెత్తలేదు. బొమ్మ చాలా చిన్నది రాజీ, చటుక్కున కాలిపోయింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. నా ఏడుపు నాకు వినబడలేదు, ఒడ్డునున్న వాళ్ళు తిరిగి చూస్తే తెలిసింది.

అరుణతో బొట్టు తియ్యొద్దన్నాను. ఇదివరకు అన్నది నా రూలు, ఇప్పుడు అడగడం నా ఇష్టం, ఉంచుకోవడం మానడం నీ ఇష్టం అన్నాను. ఉంచుకుంది. నువ్వు పంపిన అర్జీల మీద సంతకాలు పెట్టింది, రేపు పోస్టు చేస్తాను. వాళ్ళు ఒప్పుకుంటారో లేదో చూద్దాం. రాజగోపాల్ వాళ్ళ అమ్మకి కబురంపాను. పోయినసారి మీరు చెప్పింది నాకు వినబడలేదు, ఈసారి కుడిపక్క కూర్చుని చెప్పమన్నాను. ఆదివారం వస్తామన్నారు.

నిన్న మస్టరు తీశాను. పేరు కొట్టేసేటప్పుడు కూడా మాకో రూలుంది. అడ్డదిడ్డంగా బరికెయ్యకూడదు, దిద్దకూడదు, చెరిపెయ్యకూడదు. స్కేలు పెట్టి ఒకే ఎర్రగీత గియ్యాలి. గీత కింద పేరు చదవడానికి వీలుగా ఉండాలి. పక్కన తేదీ వేసి సంతకం పెట్టాలి. అలాగే చేశాను. పేరు బాగానే కనబడుతోంది.

నీ పోయిన ఉత్తరంలో మూడు తప్పులున్నాయి. దిద్దలేదు. ఎర్ర పెన్ను అరుణకి ఇచ్చేశాను, స్కూలు పిల్లల కాపీలు దిద్దుకుంటుందని.

పెదనాన్న